భవానీపూర్‌లో ఒక మూసుకొన్న తలుపు

మన సంస్థ ఉద్యోగులలో బదిలీపై కలకత్తా వెళ్ళి వచ్చినవారు అనేకులు ఉన్నారు. ఆ నగరాన్ని గురించి అడిగితే హౌరా వంతెన, విక్టోరియా స్మారక భవనం, కాళీఘాట్ ఆలయం, ట్రాము బండ్లు, రసగుల్లాలు అని ఇంచుమించు ఇదే వరుసలో చెబుతారు. 1943లో రాకపోకలకు తెరచిన ఆ వంతెనను నేనూ చూచాను. 1984లో దేశంలోనే మొదటిసారిగా ఎస్ప్లనేడ్, భవానీపూర్‌ల మధ్య నడచిన భూగర్భ రైలులో నేనూ ప్రయాణించాను. అయితే నాకు కలకత్తా తెలిసినది వాటివలన కాదు. లుంగీ, బనియనుతో, చేతిలో దినపత్రికతో, నా ఇంటి తలుపుకు వెలుపల నేనే నిలబడిపోయిన ఒక ఉదయాన తెలిసినది.

1994లో నాకు అక్కడి ప్రాంతీయ కార్యాలయానికి బదిలీ అయినది. నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినది గాని, అప్పటికి కలకత్తాయే. భవానీపూర్‌లో ఒక పాత ఇంటి మొదటి అంతస్తులో రెండు గదులు అద్దెకు కుదిరినవి. ఇల్లు చూపిన పెద్దమనిషి మరేమీ చెప్పకుండా, "దక్షిణం తెరపి ఉన్న ఇల్లు" అని ఒక్క మాట అన్నాడు. మనవైపు దక్షిణపు వాకిలి అంటే జంకుతారు. తూర్పు వాకిలికి ప్రాణం పెడతారు. అక్కడ సముద్రం దక్షిణాన ఉన్నది. వేసవి సాయంకాలాలలో ప్రాణం లేచివచ్చే గాలి అంతా అటునుండే వస్తుంది. కనుక దక్షిణం తెరపి ఉన్న ఇంటికి అద్దె కూడ ఎక్కువే. ఆ గాలి నాకు చేయబోయే ఉపకారం అప్పుడు నాకు తెలియదు.

ఇంటి నడుమ మన మండువా లోగిలివలె ఒక చదరపు వాకిలి ఉండేది. దానిని వారు ఉఠాన్ అంటారు. అన్నదమ్ముల పంపకాలలో ఆ ఇల్లు ఏనాడో ముక్కలైనది. మా భాగానికి వేరే మెట్లు ఉండేవి. మా వంటగది కిటికీకి ఎదురుగా, ఉఠాన్‌కు అవతలివైపు వరండాలో ఒక వృద్ధురాలు ఎప్పుడూ కూరగాయలు తరుగుతూ కనిపించేది. తల్లి సోదరిని పిలిచే పిలుపుతో పాడాలో అందరూ ఆమెను మాషీమా అనేవారు. పాడా అంటే పేట అనవచ్చు గాని, పేటకంటె అది కొంచెం దగ్గరి మాట.

వీధివైపు ఇంటి గోడను ఆనుకొని నడుమెత్తు సిమెంటు గట్టు ఒకటి ఉండేది. దానిని రోయాక్ అంటారు, వాడుకలో రోక్. చూడగానే మా తాతగారి ఇంటి అరుగు గుర్తుకు వచ్చినది. అయితే దానిమీద ప్రొద్దుటినుండి రాత్రివరకు ఉద్యోగం లేని యువకులు నలుగురైదుగురు కూర్చొని ఫుట్‌బాలును గురించి, రాజకీయాలను గురించి గొంతులు పగిలేలా వాదించుకొనేవారు. ఇటువంటివారిని వంగభాషలో రోక్‌బాజ్ అంటారు. అది ప్రశంస కాదు. నేను వారిని చూచీ చూడనట్లు దాటిపోయేవాడిని. ఆఫీసు సంచిని కొంచెం గట్టిగా పట్టుకొనేవాడిని కూడ. ఈ మాట వ్రాయడానికి నేడు సిగ్గుగా ఉన్నది.

1995, యువ నామ సంవత్సర ఉగాది. తెల్లవారగానే నా శ్రీమతి మామిడాకులకు, వేపపువ్వుకు, అరటియాకులకు ట్రామెక్కి లేక్ మార్కెట్‌కు వెళ్ళినది. దక్షిణాదివారికి కావలసిన కరివేపాకు మొదలు కాఫీపొడి వరకు అక్కడ దొరికేవి. మూడేళ్ళ మా అమ్మాయి నిద్రపోతున్నది. నేను పొయ్యిమీద పాలు పెట్టి, మెట్లమీద పడిన పత్రిక తీసికొనడానికి రెండడుగులు వెలుపలికి వేశాను. దక్షిణపు గాలి ఒక్క ఊపు ఊపినది. నా వెనుక తలుపు ధడాలున మూసుకొన్నది.

ఆ తలుపుకు ఉన్నది స్ప్రింగు తాళం. మూస్తే చాలు, తనంతట తానే పడుతుంది. వెలుపలినుండి తాళంచెవి లేనిదే రాదు. లోపలినుండి పిడి త్రిప్పితే వస్తుంది గాని, ఆ పిడి నా భుజమంత ఎత్తున ఉన్నది. నేను ఇంటిలోనే ఉంటానుగదా అని శ్రీమతి తాళంచెవి తీసికొని వెళ్ళలేదు. ఒకటి మేకుకు వ్రేలాడుతున్నది, రెండవది బీరువాలో ఉన్నది. రెండూ లోపలే.

పాఠకులకు మరొక విషయం దాచకుండా చెప్పాలి. అంతకు నెలలోపే, మార్చి 4వ తేదీ జాతీయ భద్రతా దినోత్సవానికి కార్యాలయంలో జరిపిన వ్యాసరచన పోటీలో నాకు రెండవ బహుమతి వచ్చినది. "గృహంలో భద్రత" అనేది అంశం. బహుమతిగా ఇచ్చిన స్టీలు గిన్నెలోనే ఆ పాలు కాగుతున్నవి.

నేను తలుపు బాదాను. అది పొరపాటు. పాప ఉలిక్కిపడి లేచి ఏడ్వడం మొదలుపెట్టినది. "భయపడకమ్మా" అని నేను ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా ఏడ్చినది. పాలు పొంగితే మంట ఆరిపోతుంది. మంట ఆరినా గ్యాసు వస్తూనే ఉంటుంది. నా వ్యాసంలో మూడవ పేరా అదే. పాప వంటగదివైపు పోతే గిన్నె మీద పడవచ్చు. తలుపును భుజంతో రెండుసార్లు గుద్దాను. బర్మా టేకు తలుపు అది. నా భుజమే వాచినది.

ఆ చప్పుడుకు మాషీమా కత్తిపీట వదలి లేచినది. ఉఠాన్‌కు అవతలినుండి ఆమెకు మా రెండు కిటికీలూ కనిపిస్తాయి. నన్ను ఒక్క మాట కూడ అడగలేదు. కిటికీవైపు తిరిగి, "మా, ఓ మా" అని పిలిచినది. వంగదేశంలో పెద్దలు చిన్న ఆడపిల్లను "మా" అనే పిలుస్తారు, మనం "అమ్మా" అన్నట్లే. పగలంతా ఆమె వరండాలో ఆడుకొనే మా అమ్మాయికి ఆ గొంతు తెలుసు. తెలుగుకంటె ముందు వంగభాషే దాని నోట పలికినదని ఊరినుండి వచ్చినప్పుడు మా అమ్మ నొచ్చుకొనేది. ఏడుపు ఆగినది. "బోషో, మా, బోషో" అని మాషీమా అన్నది, కూర్చోమని. పాప ముందుగది కిటికీ క్రింద కూర్చున్నది. ఆమె ఏదో పిల్లి కథ మొదలుపెట్టినది. మెట్లమీద నిలబడి తలుపు సందునుండి నేను కూడ విన్నాను. సగమే అర్థమైనది.

ఇంతలో రోయాక్ మీది యువకులు పైకి వచ్చారు. వారిలో సన్నగా, పొడుగుగా ఉన్నవాడు పొయ్యి ఎక్కడ అని మాత్రం అడిగాడు. వంటగదిలో కిటికీ క్రిందనే అన్నాను. వాడు మాషీమా వరండా పిట్టగోడ దాటి, ఉఠాన్ గోడ పొడుగునా జానెడు వెడల్పున ఉన్న కార్నిసు మీద, గోడకు కరచుకొని, అడుగులో అడుగు వేసికొంటూ మా వంటగది కిటికీ చేరాడు. ఊచల మధ్యనుండి చేయి దూర్చి గ్యాసు ఆపాడు. పాలు అప్పటికే పొంగి గట్టు అంతా పారినవట. క్రింద ఉఠాన్‌లో రాతి పలకలు. వాడు తిరిగి వచ్చేవరకు మాషీమా పిల్లి కథ ఆపలేదు. వాడు దిగిన తరువాత మాత్రం చెవి పట్టుకొని మెలిపెట్టినది.

ఇక తాళం. మరొక యువకుడు వీధి చివరకు పరుగెత్తి చాబీవాలాను తీసికొని వచ్చాడు. కలకత్తా వీధులలో ఈ చాబీవాలాలు పెద్ద ఇనుపకడియానికి వందలకొలది తాళంచెవులు గుచ్చి, భుజాన వేసికొని తిరుగుతారు. నోటితో కేకలు వేయరు. ఆ కడియాన్ని గలగల ఆడిస్తే చాలు, ఇళ్ళవారికి తెలిసిపోతుంది. చాబీ అనే మాట పోర్చుగీసు నావికులు విడిచిపోయినది. జానాలా అనే వారి కిటికీ మాటా అంతే. మన మేస్త్రీ, బాల్చీలకు కూడ అదే పుట్టిల్లు.

వచ్చిన ముసలి చాబీవాలా తాళాన్ని ముట్టుకొనలేదు. ముందుగా నన్ను ఎగాదిగా చూచాడు. లుంగీతో, సరిగా రాని భాషతో, తన తలుపు తెరవమనే మనిషిని నమ్మడం ఎట్లా? "ఈయన ఇల్లేనా?" అని చుట్టూ ఉన్నవారిని అడిగాడు. "మా మద్రాసీ బాబే" అని అందరూ ఒక్కసారిగా సాక్ష్యం చెప్పారు. నేను ఆంధ్రుడనని అంతకు ముందు ఎన్నిసార్లు సరిదిద్దానో! ఆనాడు సరిదిద్దలేదు.

అతడు కడియంనుండి పళ్ళు కోయని తాళంచెవి ఒకటి తీసి, దానికి మసి పట్టించి, రంధ్రంలో పెట్టి మెల్లగా కదిపి తీశాడు. మసి చెరిగినచోట ఆకురాయితో రెండు గీతలు గీసి మరల పెట్టాడు. ఇట్లు ఎన్నిసార్లో. ఎన్నడూ చూడని తాళానికి, దాని కడుపులో ఏమున్నదో వేళ్ళతో విని తాళంచెవి చేస్తున్నాడు. ఇరవై నిమిషాలకు టక్కుమన్నది. పాప నా కాళ్ళను చుట్టుకొనలేదు. "పిల్లి ఏమైంది?" అని మాషీమాను అడగడానికి నన్ను దాటి మెట్లు దిగిపోయినది.

చాబీవాలా పదిహేను రూపాయలన్నాడు. నేను డబ్బుకోసం లోపలికి పోయేలోపే మాషీమా తన చీరకొంగు ముడి విప్పి ఇచ్చివేసినది. శరత్‌బాబు నవలలు తెలుగులో చదివినవారికి ఆ కొంగు పరిచయమే. ఇంటి తాళంచెవులన్నీ గుత్తిగా దానికి కట్టి వీపు మీదికి వేసికొంటారు. ఆ గుత్తి కోడలి చేతికి రావడమంటే ఇంటి పెత్తనం రావడమే. నేను పుస్తకాలలో చదివినది ఆనాడు కన్నులారా చూచాను.

లేక్ మార్కెట్ నుండి శ్రీమతి వచ్చేసరికి మెట్లనిండా జనం. జరిగినది విని ఆమె అక్కడే కూర్చుండిపోయినది. మధ్యాహ్నం ఉగాది పచ్చడి అందరికీ పంచాము. యువకులు మొగం చిట్లించారు గాని మాషీమా రెండవసారి అడిగి పెట్టించుకొన్నది. వసంతంలో వేపాకు వంకాయతో కలిపి వేయించి తొలిముద్దకు తినే అలవాటు వారికి ఉన్నది. పువ్వును కూడ తింటారా అని మాత్రం ఆశ్చర్యపడినది. రెండు వారాలకు వారి సంవత్సరాది, పొయిలా బైశాఖ్, వచ్చినది. కొత్త పద్దుపుస్తకాలు తెరచిన దుకాణాలకు ఆ యువకులే మమ్ములను వెంటబెట్టుకొని మిఠాయిలకు త్రిప్పారు. అప్పటినుండి ఆదివారాలు నేను కూడ రోయాక్ మీద కూర్చొనేవాడిని.

చాబీవాలా చేసిన ఆ మూడవ తాళంచెవిని శ్రీమతి మాషీమాకు ఇచ్చినది. మూడేళ్ళు అది ఆమె కొంగుకే ఉన్నది. 1998లో మరల బదిలీ అయి, సామాను లారీకి ఎక్కిన తరువాత, ఇంటి యజమానికి అప్పగించడానికి దానిని అడిగాము. ముడి బిగిసిపోయి చాలసేపు రాలేదు.

2018లో పనిమీద వెళ్ళి, ఆ వీధికి పోయాను. ఆ ఇంటి స్థానంలో అయిదంతస్తుల భవనం నిలిచినది. రోయాక్ ఉండవలసినచోట కార్లు ఉన్నవి. కాపలావాడు పుస్తకంలో పేరు వ్రాయమన్నాడు. మాషీమా పోయి పుష్కరమైనదట. ఆ మాట చెప్పినది కార్నిసు మీద నడచిన ఆ సన్ననివాడే. ఇప్పుడు సన్నగా లేడు; వీధి మొదట మందుల దుకాణం పెట్టుకొన్నాడు. నన్ను పోల్చుకొని మొదట అడిగినది మా అమ్మాయిని గురించి. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నదని చెప్పి, ఫోను కలిపి ఇచ్చాను. వాడు వంగభాషలో గబగబ ఏదేదో అడిగాడు. దానికి ఆ భాష ఏనాడో మరపున పడినది. కొంతసేపు అటునుండి మాట లేదు. తరువాత దానికి గుర్తున్న ఒకే ఒక్క మాట వినిపించినది. "బోషో" అన్నది.

వాడు నవ్వి, నాకు కుర్చీ జరిపాడు.