పాముకాటు మందు పాకమైన వైనం

మందు తియ్యగా ఉండటం నాకు గిట్టదు. మొన్న దగ్గు పట్టుకుని మందుల షాపుకు వెళ్తే, "మామిడిపండు ఫ్లేవరా, స్ట్రాబెర్రీనా సార్?" అని అడిగాడు కుర్రాడు. నేను వచ్చింది దగ్గు మందుకా, ఐస్‌క్రీముకా? వేపాకు ఉండలు మింగినవాళ్లం, నేలవేము కషాయం తాగి మొహం అష్టవంకర్లు తిప్పినవాళ్లం. నాలుక మీద పడగానే ఒళ్లు జలదరించకపోతే అది మందెలా అవుతుంది? ఇది సైన్సు కాదని తెలుసు, పంతం. మీకూ ఇలాంటి పంతమే ఉందన్న నమ్మకంతో రాస్తున్నాను.

ఆ చిరాకులో గుర్తొచ్చిన ఇంగ్లీషు మాట ట్రీకిల్. ఇవాళ ఇంగ్లండులో ట్రీకిల్ అంటే, చెరుకు రసం నుంచి చక్కెర తీసేశాక మిగిలే చిక్కటి నల్లటి పాకం. కేకుల్లో పోసుకుంటారు. కానీ ఆ మాట 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది మందు పేరుగా. అదీ జలుబూ గిలుబూ తగ్గించే మందు కాదు, విషానికి విరుగుడు. గ్రీకులో థేరియన్ అంటే మృగం. థేరియాకే అంటే విషజంతువుల కాటుకు పనికొచ్చేది. అది లాటిన్లో కొంతా ఫ్రెంచిలో కొంతా అరిగి, ఇంగ్లీషువాళ్ల నోటికి ట్రీకిల్‌గా అందింది.

దీనికి మూలపురుషుడని చెప్పే మిత్రిడేటిస్, నల్ల సముద్రపు ఒడ్డున పాంటస్ రాజ్యాన్ని ఏలినవాడు. తనకెవరు విషం పెడతారోనని అనుక్షణం భయం. అందుకని రోజూ కొద్దికొద్దిగా విషం, దాంతోపాటు విరుగుడూ పుచ్చుకునేవాడట. క్రీ.పూ. 63లో అన్నీ పోగొట్టుకుని చద్దామని విషం తాగితే అది పని చెయ్యలేదనీ, చివరికి అంగరక్షకుడి కత్తే దిక్కయిందనీ కథ. ఆ మందు కిటుకు రోముకు చేరింది. నీరో చక్రవర్తి వైద్యుడు ఆండ్రోమాకస్ దాన్ని పెంచి పెద్దచేసి, 64 సరుకులతో కొత్త మందు కట్టాడు. అందులో అసలు సరుకు పాము మాంసం. ముల్లును ముల్లుతోనే తియ్యాలన్న లెక్క. దాల్చినచెక్క, మిరియాలు, బోళం, ఇంకా ఏవేవో వేళ్లూ జిగుర్లూ దంచి, తేనెలో కలిపి, ఏళ్ల తరబడి మాగబెట్టేవాళ్లు. మన లెక్కలో చెప్పాలంటే ఇది లేహ్యం. అన్నట్టు అందులో నల్లమందు కూడా ఉండేది. మార్కస్ ఆరేలియస్ చక్రవర్తికి గేలన్ వైద్యుడు రోజూ ఇది నూరి ఇచ్చేవాడు. చక్రవర్తికి పగలు కునుకు పట్టేదంటే ఆశ్చర్యమేముంది? అంత మంచి నిద్ర పట్టాక మందు పనిచెయ్యలేదని ఎవడంటాడు?

వెనిస్ నగరం ఈ లేహ్యంతో బాగా డబ్బు చేసుకుంది. అక్కడ దీన్ని గదిలో తలుపులు వేసుకుని చేస్తే ఒప్పుకునేవాళ్లు కాదు. అధికారుల ఎదుట, నలుగురూ చూస్తుండగా, నడివీధిలో పెద్ద పెద్ద రోళ్లు పెట్టి దంచాల్సిందే. పడువా దగ్గర కొండల్లో పట్టిన పాముల్ని తెచ్చేవాళ్లు. కల్తీ భయం అంత ఉండేది మరి. ఇంగ్లండు దాకా వెళ్లిన ఆ సరుకుకు వెనిస్ ట్రీకిల్ అనే పేరు.

ఆ మాటకు ఎంత గౌరవమంటే, 1568లో అచ్చయిన బిషప్పుల బైబిలులో యిర్మీయా ప్రవక్త గిలాదులో ట్రీకిల్ లేదా అని వాపోతాడు. ఇప్పుడు చదివితే ఇంగ్లీషువాళ్లకే నవ్వొస్తుంది. దానికి ట్రీకిల్ బైబిలు అని పేరు కూడా పెట్టారు. 1611 నాటి బైబిలు దాన్ని తీసేసి బామ్ అని దిద్దింది. మన తెలుగు బైబిలులో ఆ చోట గుగ్గిలం ఉంది. పొగ వేసుకునే గుగ్గిలమే. మనవాళ్లే నయం.

ఆక్స్‌ఫర్డ్ పక్కన బిన్సీ అనే పల్లె చర్చి దగ్గర ఒక బావి ఉంది. కంటి జబ్బులు పోతాయని జనం వచ్చేవాళ్లు. దాన్ని ట్రీకిల్ బావి అనేవాళ్లు, అంటే మందు బావి. లూయిస్ కారొల్ 1865లో ఆలిస్ కథ అచ్చువేసినప్పుడు, ట్రీకిల్ బావి అడుగున కాపురమున్న ముగ్గురు అక్కచెల్లెళ్లను అందులో పెట్టాడు. ఆ బావి గుట్టు తెలియని పిల్లలు బావి నిండా పాకం ఊహించుకుని లొట్టలేస్తారు.

మందు పాకమెప్పుడయింది? 17వ శతాబ్దంలో లండన్‌లో చక్కెర శుద్ధి చేసే కార్ఖానాలు పెరిగాయి. తేనె కంటే మడ్డి పాకం చవక. మందులోకి అది దిగింది, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. ఆ తర్వాత మందు పోయి పాకం మిగిలింది. విలియం హెబర్డెన్ అనే వైద్యుడు 1745లో ఒక చిన్న పుస్తకం రాసి ఈ 64 సరుకుల కలగాపులగాన్ని ఏకిపారేశాడు. 1788 నాటికి లండన్ వైద్యుల అధికారిక ఔషధాల పట్టికలోంచి దీన్ని కొట్టేశారు. ఫ్రాన్సులో మాత్రం ఇంకా నడిచింది. తర్వాత మహాశాస్త్రవేత్త అయిన క్లోద్ బెర్నార్, కుర్రతనంలో ఒక మందుల కొట్లో పనికి కుదిరాడు. పాడైపోయిన మందు ఏది కనిపించినా యజమాని పారబొయ్యనిచ్చేవాడు కాదు, థేరియాకులోకి పనికొస్తుంది దాచమనేవాడట.

అరబ్బుల నోట ఇది తిర్యాఖ్ అయింది. యునానీ హకీములతో మన దేశానికీ వచ్చింది. హైదరాబాద్ యునానీ మందుల షాపుల్లో జలుబుకు తిర్యాఖ్ నజ్లా అడిగి చూడండి, ఇస్తారు. అదీ తీపి లేహ్యమే, నా ఖర్మ.

ఇంగ్లండులో ఇంకో తమాషా జరిగింది. 1880లలో ఏబ్రమ్ లైల్ అనే స్కాట్లండు వ్యాపారి కంపెనీ, లండన్‌లో లేత రంగు పాకం తయారుచేసి గోల్డెన్ సిరప్ అని అమ్మింది. ఆ డబ్బా మీద చచ్చిన సింహం, చుట్టూ తేనెటీగలు. బైబిలులో సమ్సోను కథలోది ఆ బొమ్మ. గ్రీకు మాటలోంచి ఎప్పుడో జారిపోయిన మృగం మళ్లీ పాకం డబ్బా మీదికెక్కి పడుకుంది. కావాలని ఎవరూ చెయ్యలేదు. 2024లో సీసాల మీద బొమ్మ మార్చారు గానీ, డబ్బా మీద పాత సింహం అలాగే ఉంది.

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. పదిహేడు వందల ఏళ్ల పాటు థేరియాకు నడిచిందంటే ఆ లెక్కనే. ఆముదం అంటే పిల్లలకు బలవంతంగా మందు పట్టడం గుర్తొచ్చింది. డికెన్స్ నవల నికొలస్ నికల్బీలో యార్క్‌షైర్ బడి పంతులు భార్య పిల్లలందరికీ వరసగా గంధకం కలిపిన ట్రీకిల్ నోట్లో పోస్తుంది. ఒంటికి మంచిదని పైకి చెప్పినా, ఆకలి చచ్చిపోయి టిఫిను ఖర్చు కలిసొస్తుందన్నది ఆవిడ అసలు లెక్క. మా నాయనమ్మకు అలాంటి లెక్కలు లేవు. ఆవిడది కల్తీలేని వంటాముదం. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెడితే పైకి తేలే నూనెను గరిటెతో దేవి వడగట్టేది. వేసవి సెలవుల్లో ఒక ఆదివారం తెల్లవారకముందే మనవలందర్నీ వరసగా కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నెతో ఒక్కొక్కరికీ ముక్కు మూసి పట్టించేది. వెంటనే వేడి కాఫీ. మధ్యాహ్నం చారన్నం, అంతే. ఆవకాయ వైపు చూడటానికి కూడా వీల్లేదు. ఆముదం తాగిన మొహం అనే మాటకు అర్థం ఆ రోజు మా వరండాలో చూడాలి. చిన్నబాబాయి కొడుకైతే చింతచెట్టెక్కి కూర్చునేవాడు. వాణ్ణి దింపడానికి ఊళ్లో సగం మంది వచ్చేవాళ్లు. దిగాక వాడికి రెండు గిన్నెలు.

నల్గొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో ఒకప్పుడు ఎటు చూసినా ఆముదం పంటే. వానలు సరిగ్గా పడకపోయినా ఎంతో కొంత చేతికొచ్చేది. ఆ నేలల్లో ఇప్పుడు పత్తి వేస్తున్నారు. దేశంలో ఆముదం ఎక్కువగా పండించేది గుజరాత్. ప్రపంచంలో పండే ఆముదంలో సింహభాగం మన దేశానిదే. దాని నూనె రంగులకూ గ్రీజుకూ ఒక రకం నైలానుకూ పోతోంది, తాగేవాళ్లు లేరు.