ఏడికెళ్లి వస్తున్నదో చూడు

మా ఇంటి ముందు షాబాదు బండలు పరిచి ఉంటాయి. గేటు దగ్గర నుంచి లెక్కపెడితే నాలుగో బండ మీద మొన్న మే నెలలో ఒక నల్లటి మరక మొదలైంది. తమ్ముడి డీజిల్ పికప్ రాత్రిపూట నిలబడేది సరిగ్గా ఆ బండ మీదే. అమ్మ రంపపు పొట్టు చల్లి ఊడ్చింది, సబ్బు నీళ్లు పోసి కొబ్బరి పీచుతో రుద్దింది. తెల్లారి ముగ్గు వేయబోయేసరికి మరక మళ్లీ తడిగా మెరుస్తూ ఉండేది. షాబాదు రాయి సున్నపురాయి జాతిది. నీళ్లు పోస్తే ఆరిపోతుంది గానీ చమురు పడితే లోపలికి తాగేస్తుంది.

మాది సికింద్రాబాదు, పికెట్ పక్క వీధి. తమ్ముడు తెల్లవారుజామున మూడింటికి బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్లి, ఆరు కొట్టేలోపు మారేడుపల్లి, తిరుమలగిరి దుకాణాలకు టమాటా, వంకాయ, పచ్చిమిర్చి గంపలు దింపుతాడు. పికప్ కొని పదకొండేళ్లయింది. కిస్తులు తీరి చాలా కాలమైంది కాబట్టి ఇప్పుడది నిజంగా మాది. అది ఒక్క రోజు నిలిచిపోతే ఆ పొద్దుటి కూరగాయలు ఇంకొకరి బండి ఎక్కుతాయి, రెండు రోజులు నిలిచిపోతే దుకాణదారు ఆ ఇంకొకరికే అలవాటు పడతాడు. అందుకే షెడ్డు మెకానిక్ కింద పడుకుని చూసి, వెనక మెయిన్ సీలు పోయింది, గేర్‌బాక్సు దించాలి, మూడు రోజులు పడుతుంది అన్నప్పుడు తమ్ముడి ముఖం వాడిపోయింది. ఆ సీలు క్రాంకు చివర, క్లచ్చు వెనక దాక్కుని ఉంటుంది. ధర చూస్తే చిన్నదే, దాని దాకా చేరడమే పెద్ద పని.

నాయిన ఆ మాట విని ఏమీ అనలేదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. 1893లో, నిజాం గారంటీడ్ స్టేట్ రైల్వే కాలంలో పెట్టిన వర్క్‌షాపు అది. అక్కడ పని నేర్చినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, చూడకుండా ఒప్పుకోరు. ఇంజిను స్టార్టు చేయించి, కింద పాత పేపరు పరిచి, చేతిగడియారం చూస్తూ నిలబడ్డాడు. పది సెకన్లకో చుక్క. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే గంటకు పద్దెనిమిది. రోజుకు ఐదు గంటలు ఇంజిను తిరిగితే తొంభై. పదకొండు రోజులకు దాదాపు లీటరు. “దీపం వెలిగేదాక చూద్దామనుకున్నవా?” అని తమ్ముణ్ని అడిగాడు. డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. అది వెలిగేసరికి బేరింగులు ఎండిపోవడం మొదలై ఉంటుంది. డిప్‌స్టిక్ లాగి చూసుకోవడానికి పట్టేది అర నిమిషం.

ఆ తర్వాత నాయిన అన్న మాట నాకు ఆ రోజు నుంచీ చెవిలోనే ఉంది. “ఏడ కారుతున్నదో చూస్తున్నరు గానీ, ఏడికెళ్లి వస్తున్నదో చూస్తలేరు బిడ్డా.”

శనివారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాం. ఇంజిను చల్లారనిచ్చాం. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క ముక్కలు కొట్టాం. జాకీతో ముందు భాగం లేపి, ఛాసిస్ కింద రెండు స్టాండ్లు పెట్టి, వాటి పక్కన టేకు దిమ్మలు కూడా పేర్చాం. నేను ఇటుకలు తేబోతే నాయిన గట్టిగా కేకలేశాడు. బరువు కింద చెక్క నలుగుతూ చప్పుడు చేస్తుంది, ఇటుక ముందు చెప్పకుండా పగిలిపోతుంది. ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల గురించి పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ కేక గుర్తొస్తుంది. ఇంట్లో పని చేసుకోవాలనుకునేవాళ్లు మిగతావన్నీ మరిచినా ఇది మరవకూడదు.

ఇంజిను అడుగంతా నల్లటి మడ్డి. పదకొండేళ్ల దుమ్మూ చమురూ కలిసి వేలు మందాన పేరుకుంది. అందులో ఏది కొత్త తడో ఏది పాతదో బ్రహ్మకు కూడా తెలియదు. అర లీటరు డీజిలు, పాత పెయింటు బ్రష్షు, కింద వెడల్పాటి రేకు పళ్లెం పెట్టుకుని రెండు గంటలు గీకి కడిగాం. ఆల్టర్నేటరుకు ప్లాస్టిక్ కవరు చుట్టాం. గుడ్డలతో తుడిచి ఎండకు వదిలేశాం. మెకానిక్ షెడ్డులో ఈ పని ఎవరూ చేయరు. చేయలేక కాదు, ఆ రెండు గంటలకు డబ్బులిచ్చే గిరాకీ ఉండడు. ఇంటి దగ్గర చేసుకునే రిపేరులో ఉన్న అసలు బలం ఇదేనని నాకనిపిస్తుంది. మన దగ్గర వాళ్ల దగ్గర ఉన్నన్ని పనిముట్లు ఉండవు గానీ, వాళ్లకు దొరకనంత తీరిక ఉంటుంది.

ఆరిన ఇనుము మీద తెల్లటి పొడి చల్లితే కొత్త చమురు ఎక్కడ బయటికొచ్చినా నల్లటి గీతగా కనబడుతుంది. అమ్మ వెంటనే ముగ్గు డబ్బా తెచ్చింది. నాయిన చేయి అడ్డం పెట్టాడు. “రాతిపిండి వద్దు. సీలు పెదవిల పడ్డదంటే షాఫ్టును తింటది.” చివరికి ముఖానికి రాసుకునే పౌడరు సగం డబ్బా ఇంజినుకు పూశాం. ఫ్యాను దగ్గరికి చేతులు పోనీయకుండా ఇంజిను పదిహేను నిమిషాలు నడిపి, ఆపి, టార్చి తీసుకుని కిందికి దూరాను.

గేర్‌బాక్సు ముందున్న గుండ్రటి డొప్ప అడుగున తడి కనబడింది. మెకానిక్ చూసిందీ అక్కడే. కానీ ఆ తడి నుంచి ఒక సన్నటి నల్లగీత పైకి పోయింది. ఇంజిను వెనక గోడ వెంబడి, వైర్ల కట్ట పక్క నుంచి, పైకి, ఇంకా పైకి. టార్చి పట్టుకుని దాని వెంట కళ్లతో ఎక్కుతూ పోతే చివరికి ఇంజిను పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ వెనక మూలకు చేరింది. ప్యాకింగ్ అంచు బయటికి ఉబ్బి, దాని కింద చెమ్మ నిలిచి ఉంది. చమురు పై నుంచి వెనక్కి జారి, వెనక సీలు ఉండే చోటికి వచ్చి చుక్కగా రాలుతోంది. బండి పోతున్నప్పుడు ముందు నుంచి కొట్టే గాలి కూడా దాన్ని వెనక్కే నెడుతుంది. ఆ మెకానిక్ మోసం చేశాడని నేననుకోను. అతను చుక్కను చూశాడు, దాని దారిని చూసే తీరిక దొరకలేదు.

గేర్‌బాక్సు దించాల్సిన పని తప్పింది. తమ్ముడు అక్కడే బండ మీద చతికిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

నాయిన మాత్రం ఇంకా ఆగలేదు. ప్యాకింగ్ ఎందుకు ఉబ్బింది? పాతబడి గట్టిపడితే పగులుతుంది, బయటికి ఉబ్బదు. లోపలి నుంచి ఏదో తోసింది.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. మా తాతది నల్లగొండ వైపు పల్లె. ఆయన ఎడ్లబండి కింద ఒక వెదురు గొట్టం వేలాడేది, కందెన గొట్టం. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి ఇరుసుకు పూసేవాళ్లు. నల్లగొండ, పాలమూరు చెలకల్లో అప్పట్లో ఆముదం పంటకు కొదవ ఉండేది కాదు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత ఆ ఇరుసుల దగ్గర పుట్టిందే. ఆ ఆముదమే మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లలో పోశారు. 1909లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ తన ఇంజిను చమురుకు పెట్టిన క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదాన్ని ఇంగ్లీషువాళ్లు పిలిచే పేరులోంచి తీసుకున్నదే. కందెన ఎంత చక్కటి మాట! మనం దాన్ని ఎందుకు వదిలేసి అన్నిటికీ ఆయిల్ అంటున్నామో తెలియదు.

ఇరుసుకు కందెన పూస్తే సరిపోయేది, ఒలికినా మళ్లీ పూసుకోవచ్చు. ఇంజిను అలా కాదు. అదే నాలుగైదు లీటర్ల చమురు పంపు తోస్తే పైకెక్కి, ట్యాపెట్లను తడిపి, కిందికి జారి, మళ్లీ ఎక్కుతుంది. రాపిడి తగ్గించడమే కాదు, వేడిని మోసుకుపోతుంది, పిస్టను రింగుల దగ్గర సందులు మూస్తుంది, మసిని తనలో కలుపుకుంటుంది. డీజిలు ఇంజినులో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడితే పాడైందని కాదు, మసిని గోడలకు అంటనీయకుండా పట్టుకుందని అర్థం.

పెట్రోలు ఇంజిను గాలిని సుమారు పదో వంతుకు నొక్కితే డీజిలు ఇంజిను పద్దెనిమిదో వంతుకు అటూ ఇటూగా నొక్కుతుంది. స్పార్కు లేకుండా ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజిను కిటుకు అదే. అంత ఒత్తిడిలో రింగులు ఎంత బాగున్నా కొంచెం పొగ వాటి పక్కగా కిందికి దిగుతుంది. ఆ పొగ బయటికి పోవడానికి ట్యాపెట్ కవర్ మీది నుంచి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది, బ్రీదర్. నాయిన దాన్ని ఊడదీసి ఒక చివర నోట్లో పెట్టుకోబోయి, అమ్మ చూపు చూసి ఆగి, సైకిలు పంపుతో గాలి కొట్టాడు. గాలి అవతలికి రాలేదు. లోపల మసీ చమురూ తేమా కలిసి మెత్తటి జిగురులా బిగుసుకుని ఉన్నాయి. ఇంజినుకు ఊపిరి బయటికి వదిలే దారి లేదు. లోపల నిండిన ఒత్తిడి ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ తోసుకుని బయటపడింది.

ఒక్క ప్యాకింగ్ మార్చి ఊరుకుని ఉంటే నెల తిరక్కుండానే కొత్తది కూడా ఉబ్బేది. ఆ మీదట నిజంగానే వెనక సీలు పోయేది.

సాయంత్రానికి నేను రాణీగంజ్ వెళ్లాను. ఒకప్పటి కింగ్స్‌వే, ఇప్పటి ఆర్పీ రోడ్డు మీదుగా అక్కడికి చేరుకుంటే నట్టు, బోల్టు, బేరింగు, పైపు, బెల్టు ఏది కావాలన్నా దొరుకుతుంది. ఆయిల్ సీళ్లను అక్కడ పేరుతో కాదు, మూడు అంకెలతో అడుగుతారు, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. సీలు ముఖం మీదే అచ్చు వేసి ఉంటాయి. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మాత్రం పాతది చూపించి దానిమీద దీన్ని పెట్టి సరిచూసుకున్నాను. సందులు మూసే జిగురు అనాబాండ్ ట్యూబు ఒకటి, ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్‌కు వాషరు, కొత్త బ్రీదర్ గొట్టం, క్లిప్పులు కూడా కొన్నాను.

కవర్ అంచునూ, హెడ్డు అంచునూ నాయిన గోరుతో తడిమి చూశాడు. పాత ప్యాకింగ్ పొక్కు ఒక్కటి మిగిలినా అక్కడ మళ్లీ దారి పడుతుంది. గీకేటప్పుడు తునకలు లోపల పడకుండా ట్యాపెట్ల మీద శుభ్రమైన గుడ్డ కప్పాం. అనాబాండ్ నాలుగు మూలల్లో మాత్రం గోరంత పెట్టనిచ్చాడు. చుట్టూ ధారాళంగా పూస్తే బయటికి కనబడేది కొంతే, లోపలికి పిండుకున్నది తెగిపడి కింద ఆయిల్ జాలీకి అడ్డం పడుతుంది. లీకు ఆపబోయి ఇంజినుకే చమురందకుండా చేసినట్టవుతుంది.

బోల్టులు బిగించేటప్పుడు తమ్ముడు ఒక చివర నుంచి బలంగా లాగడం మొదలుపెట్టాడు. “ఆగు. మీ అమ్మ జొన్నరొట్టె ఎట్ల తడుతదో సూడలేదా?” అన్నాడు నాయిన. మధ్యలోంచి మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి, అంచులకు పోవాలి. మొదటి చుట్టు వేళ్లతో, రెండోది పానా ఆనించి, మూడోది మణికట్టు బలంతో. అంతే, భుజం బలం వద్దు. పలుచటి కవర్ వంగితే బోల్టు దగ్గర ప్యాకింగ్ నలిగి, రెండు బోల్టుల మధ్య సందు లేస్తుంది. ఎక్కువ బిగిస్తే లీకు ఎక్కువవుతుందన్నది చేతితో చేసేదాకా నాకు నమ్మశక్యం కాలేదు.

కడిగిన డీజిలూ మడ్డీ పళ్లెంలోంచి క్యాన్‌లో వంచి మూత బిగించాం. వీధి కాలవలో పోయడం చాలా సులువు. మా కాలవ పికెట్ నాలాలో కలుస్తుంది, పికెట్ నాలా హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. 1562లో తవ్విన చెరువు. నగరానికి ఒకప్పుడు నీళ్లిచ్చిన చెరువుకు మా ఇంజిను మడ్డి పంపే హక్కు నాకు లేదు. పాత ఆయిల్ ప్రమాదకర వ్యర్థమని చట్టం కూడా చెబుతోంది. ఆ క్యాన్‌ను వాడిన ఆయిల్ శుద్ధికి తీసుకునేవాళ్లకే అప్పగించాం. సెంట్రింగ్ రేకులకు పూసుకుంటామని అడిగినవాళ్లకు ఇవ్వలేదు, ఆ చమురు కూలీల చేతులకే అంటుతుంది.

ఆదివారం పొద్దున నాలుగో బండ మీద కొత్త పేపరు పరిచి, రాత్రి దాకా బండి అక్కడే నిలిపాం. పేపరు పొడిగా ఉంది. సోమవారం మూడింటికి తమ్ముడు బోయిన్‌పల్లి వెళ్లాడు. వారం తర్వాత నాయిన ట్యాపెట్ కవర్ బోల్టులన్నీ మధ్య నుంచి మొదలుపెట్టి ఇంకోసారి తడిమి చూశాడు. కొత్త ప్యాకింగ్ కూర్చున్నాక రెండు బోల్టులు కొద్దిగా వదులయ్యాయి. ఆ పని చేస్తూనే డ్రెయిన్ ప్లగ్ దగ్గర వేలు పెట్టి వెలుతురుకు పట్టాడు. వేలి మీద ఆవగింజంత తడి. తెచ్చిన వాషరు ఇంకా వేయలేదు. ఆయిల్ మార్చాల్సిన కిలోమీటర్లు కూడా దగ్గరికొచ్చాయి. వచ్చే ఆదివారం జాకీ మళ్లీ బయటికి తీయాలి.