ఇంటి చుట్టూ కాస్త మట్టి

ఇల్లు పూర్తవగానే చుట్టూ మిగిలిన జాగానంతా టైల్స్‌తో కప్పేయడం మన ఊళ్లలో ఆనవాయితీ అయిపోయింది. చూడ్డానికి శుభ్రమే, కాదనను. కానీ 50 చదరపు మీటర్ల జాగాలో 20 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్ల నీళ్లు, ఇంకాల్సినవి వీధిపాలవుతాయి. ఎండాకాలం అదే గచ్చు పగలంతా కాగి, పొద్దుగూకాక ఆ వేడిని వదులుతుంది. సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చోలేని వాకిలికి అందమెందుకు? మట్టి ఉంటే బురద, దోమలు అంటారు. బురద నిజమే, నడిచే దారికి, కారు చక్రాల కిందికి షాబాద్ బండలు పరిస్తే చాలు. డెంగీ దోమ మాత్రం నీరింకే నేలలో కాదు, కుండీ కింది పళ్లెంలో, మూతలేని డ్రమ్ములో పెరుగుతుంది. ఆ మట్టిలో చెట్టు పెంచితే ఆకులు ఊడ్చే పని ఉంటుంది, అది తప్పదు. టైల్స్ బేరమాడే ముందు, పడమటి వైపు గోడకు దూరంగా ఒక చెట్టుకు సరిపడా నేల వదలమని మేస్త్రీకి చెప్పండి.