సముద్రము చుట్టిన బంతి

నిరుడు మా పూర్వశిష్యు డొకడు స్పెయిను దేశపు మధ్యధరాసముద్ర తీరమున నేరిన గోధుమవన్నె బంతి నొకదానిని తెచ్చి మా చేతబెట్టెను. నిమ్మకాయంత పరిమాణము, ఒడలెల్ల పీచు. చూచినతోడనే, “ఇది కొబ్బరిపీచు, ఎవరో చుట్టి పారవైచిరి” అని తరగతిలో నిస్సంశయముగా జెప్పితిమి. ఇరువదేండ్ల యుపాధ్యాయత్వ మిచ్చు ధీమా యట్టిది.

ఇంటికి వచ్చి గ్రంథములు తిరుగవేయగా మా మాట తప్పని తేలెను. అది పొసిడోనియా యను మొక్క నార. పాచి గాదు, ఉప్పునీటి యడుగున వేళ్లూని, పూచి, కాయు మొక్క; ఈ బంతి నిచ్చు జాతి మధ్యధరాసముద్రమున దప్ప మరెచ్చటను బెరుగదు. ఆకులు రాలిపోగా మిగిలిన మొదళ్లు చివికి నారయగును. ఆ నారను అలలే దొర్లించి దొర్లించి బంతి చేయును.

మరునాడు తరగతిలో తప్పొప్పుకొంటిమి. పిల్లలు నవ్వలేదు. ఒక బాలిక మాత్రము, “కోసి చూద్దామా, మాస్టారూ?” అనెను. ఇన్ని గ్రంథములు చూచిన మాకు ఆ తలంపే రాలేదు! కోసితిమి. నార నడుమ నీలపు ప్లాస్టిక్ పోగొకటి. బార్సిలోనా విశ్వవిద్యాలయమువారు 2021లో ప్రకటించిన పరిశోధనలో, పరీక్షించిన 198 బంతులలో నూటికి 17 వంతులయం దిట్టి ప్లాస్టిక్ కనబడినది.

బంతి చెక్కలు రెండును తరగతి బీరువాలో నున్నవి. వాని ప్రక్కన చీటీ ఆ బాలికయే వ్రాసినది.