మొనాకో రేవులో మా అమ్మ

"నేల యాడున్నదే బిడ్డా? అన్నీ ఇండ్లే కనవడవట్టె!"

ఓడ పదకొండో అంతస్తులో రెయిలింగు పట్టుకుని నిలబడి, పొద్దున ఏడింటికి మా అమ్మ అడిగిన మాట ఇది. ఎదురుగా మొనాకో. కొండ మొదలు నుంచి నడుము దాకా ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు మేడలు. కింద రేవులో బారులు తీరిన తెల్లటి పడవలు. ఒక్కో పడవ ఖరీదుతో మా మహబూబ్‌నగర్‌లో ఒక కాలనీ మొత్తం కొనొచ్చేమో. నిజమే, ఎంత వెతికినా ఖాళీ నేల కనిపించలేదు.

ఈ ప్రయాణం మా అమ్మాయి పుణ్యం. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. దసరా సెలవులకు రమ్మని, మధ్యధరా సముద్రంలో వారం రోజుల క్రూయిజ్ ముందే బుక్ చేసేసింది. ఎంతయిందని అడిగితే ఇవాళ్టికీ చెప్పదు. స్కూలు సెలవులు కాబట్టి నాకు ఇబ్బంది లేదు. మా ఆయనకు లీవు దొరకలేదు. అమ్మే మొండికేసింది. "బతుకమ్మ పండుగ ఇడిసిపెట్టి ఏ దేశం వస్తనే?" అని రెండు నెలలు నస పెట్టి, చివరికి వీసా వేలిముద్రల రోజున అందరికంటే ముందు తయారై కూర్చుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. బార్సిలోనాలో ఓడ ఎక్కేదాకా ఆవిడ చూసిన పెద్ద నీళ్లంటే కృష్ణమ్మే.

ఓడ గురించి రెండు మాటలు. రెండు వేల మందికి పైగా ఎక్కే ఓడ. స్విమ్మింగ్ పూల్, థియేటర్, ఎటు చూసినా తిండి. ఎక్కిన రోజే లైఫ్ జాకెట్ డ్రిల్లు చేయిస్తారు, ఎగ్గొట్టడానికి వీల్లేదు. గదికి ఇచ్చిన కార్డే తాళం, అదే పర్సు; ఏది తీసుకున్నా దాని మీదే రాస్తారు. ఆఖరి రోజు బిల్లు చూస్తే తెలుస్తుంది అసలు సంగతి! మా గది సర్దే కుర్రాడిది గోవా. తొమ్మిది నెలలకోసారి ఇంటికి వెళతాడట. అమ్మ అతనికి రోజూ సద్దరొట్టె ముక్క పెట్టేది. మూడో రోజుకు అతనే అడిగి తీసుకోవడం మొదలుపెట్టాడు.

మొనాకోలో దిగగానే మొదటి వింత కాళ్ల కిందే ఉంది. మేం దిగిన గట్టు నేల కాదు, నీళ్ల మీద తేలే కాంక్రీటు. రేవు దగ్గర సముద్రం బాగా లోతు. అడుగు నుంచి గోడ కట్టుకు రావడం కుదిరే పని కాదని, 352 మీటర్ల పొడవున, లక్షా 63 వేల టన్నుల బరువున్న గట్టును స్పెయిన్‌లోని అల్జెసిరాస్‌లో కట్టి, 2002లో సముద్రం మీద లాక్కొచ్చి ఇక్కడ తగిలించారు. ఒక కొస నేలకు బంతికీలుతో అతికి ఉంటుంది, అల వస్తే కాస్త కదులుతుంది. లోపల కార్ల పార్కింగు కూడా ఉంది. మా అమ్మాయి ఇదంతా ఫోన్‌లో చదివి వినిపిస్తుంటే, అమ్మ చెప్పు విడిచి పాదంతో గట్టును ఒకసారి నొక్కి చూసింది. "మీ నాయిన ఉంటే సూసేటోడు" అంది.

మా నాన్న డ్యామ్ కూలీ. పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా తెలిసిందే. ఎక్కడ ఆనకట్ట లేచినా, కాలువ తవ్వినా, మా జిల్లా గుంపులు అక్కడ ఉండేవి. నాన్న మొదటి నుంచీ కూలీ కాదు. కొల్లాపూర్ దగ్గర, కృష్ణ ఒడ్డున మాకు నాలుగెకరాలుండేది. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో పునాది పడింది. 1981 ఎండాకాలంలో మా ఊరు ఖాళీ అయింది. ముంపులో పోయినవి ఆ ఒడ్డున, ఈ ఒడ్డున కలిపి వంద దాకా ఊళ్లు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. పొలం నీళ్ల కిందికి పోయాక నాన్న మేస్త్రీ వెంట ఇంకెక్కడో డ్యామ్ కట్టడానికి పోయాడు. ఇంకో ఊరిని ముంచే డ్యామే అయి ఉంటుంది. ఆ మాట ఆయన బతికున్నప్పుడు నేనెప్పుడూ అడగలేదు.

సరే, మళ్లీ మొనాకోకు వద్దాం. వాటికన్‌ను వదిలేస్తే ప్రపంచంలో ఇంతకంటే చిన్న దేశం లేదు. మొత్తం రెండు చదరపు కిలోమీటర్లు, పైన కాస్త. దేశమంతా మెట్లే. పెద్దవాళ్లతో వెళ్లేవారు భయపడక్కర్లేదు, వీధికీ వీధికీ మధ్య కొండలోనే లిఫ్టులు పెట్టారు, అన్నీ ఉచితం. అమ్మకు మొనాకోలో అన్నిటికంటే నచ్చినవి ఆ లిఫ్టులే. పని లేకపోయినా ఒకదాంట్లో రెండుసార్లు ఎక్కించుకుంది.

రాజమహల్ ఉన్న పాత ఊరిని వాళ్లు 'రాయి' అనే పిలుస్తారు. రోజూ 11 గంటల 55 నిమిషాలకు అక్కడ కాపలా భటుల డ్యూటీ మారే తంతు ఉంటుంది. చూడాలంటే అరగంట ముందే వెళ్లి నీడ పట్టుకోండి. కెథడ్రల్‌లో గ్రేస్ కెల్లీ సమాధి ఉంది. హాలీవుడ్ హీరోయిన్‌గా ఉండి 1956లో ఇక్కడి రాజును పెళ్లాడి, 1982లో కారు ప్రమాదంలో పోయింది. కొండ అంచున సముద్ర మ్యూజియం 1910 నాటిది. టికెట్టు పెట్టి చూడదగ్గది అదొక్కటే అని నా అభిప్రాయం. మా అమ్మాయి ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం ఆకలేసి కొండామిన్ మార్కెట్‌కు దిగాం. అక్కడ 'సొకా' అని ఒకటి అమ్ముతారు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె కలిపి పెద్ద పెనం మీద పోసి, పొయ్యిలో పెట్టి కాలుస్తారు. పైన మిరియాల పొడి చల్లి ఇస్తారు. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "శెనగపిండి అట్టే గదనే, దీనికింత దూరం రావాల్నా" అని, కొంగుముడి విప్పి చిన్న కారప్పొడి పొట్లం తీసింది. యూరో అంటే మనకు వంద రూపాయల పైమాటే. అయినా మొనాకోలో కడుపు నిండా, జేబు ఖాళీ కాకుండా తినగలిగేది ఈ మార్కెట్‌లోనే.

మాంటీకార్లో కాసినో ముందు ఫొటో దిగకపోతే ఊళ్లో వాళ్లు నమ్మరు కదా. దిగాం. 1863లో ఆ కాసినో తెరవక ముందు మొనాకో బీద దేశం. చేతిలో ఉన్న నిమ్మతోటల ఊళ్లు ఫ్రాన్స్‌కు పోయి, బతకడానికి దారి లేక, రాజు జూదాన్ని నమ్ముకున్నాడు. ఆరేళ్లు తిరిగేసరికి, 1869లో, ప్రజల మీద ఆదాయపు పన్నే ఎత్తేయగలిగాడు. తమాషా ఏమిటంటే మొనాకో పౌరులు మాత్రం ఆ కాసినోలో ఆడకూడదు, చట్టం ఒప్పుకోదు. "తెలివైనోళ్లు" అంది అమ్మ. 1929 నుంచి కార్ల పందేలు జరిగేది కూడా ఈ వీధుల్లోనే. మేం చూసినప్పుడు అవి మామూలు రోడ్లే, మధ్యలో ఒక ముసలాయన కుక్కను నడిపించుకుంటూ పోతున్నాడు.

సాయంత్రం నాలుగింటికి, ఇంక ఓడకు వెళ్లిపోదాం అనుకుంటుండగా, మా అమ్మాయి "కొత్త పేట ఒకటి ఉంది, చూసొద్దాం" అంది. లార్వోటో బీచ్ పక్కన, మారెటెర్రా. 2024 డిసెంబరులో తెరిచారు. సముద్రం ఒడ్డున నడకదారి, పైన్ చెట్లు, చిన్న పడవల రేవు, రెంజో పియానో గీసిన ఒక పెద్ద మేడ. నడకదారిలో ఎవరైనా తిరగొచ్చు, అడిగేవాళ్లు లేరు. కూర్చోవడానికి బెంచీలున్నాయి. అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది.

"అమ్మమ్మా, నువ్వు కూర్చున్న చోటు పదేళ్ల కింద సముద్రం" అంది మా అమ్మాయి.

అమ్మ నమ్మలేదు. విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఒక్కొక్కటి పది వేల టన్నులుండే కాంక్రీటు పెట్టెలు 18 తెచ్చి సముద్రంలో వరసగా దింపారు. లోపలి నీళ్లు తీసి ఇసుక నింపారు. అలా ఆరు హెక్టార్ల నేల తీశారు. అంటే పదిహేనెకరాలు, మా పిల్లలమర్రి లాంటివి నాలుగు పట్టేంత జాగా. ఖర్చు రెండు వందల కోట్ల యూరోలు. ఇక్కడి ఇళ్ల ధర చదరపు మీటరుకు లక్ష యూరోలు, ఆపైన అని పత్రికలు రాశాయి. ఇది మొదటిది కూడా కాదు. ఫోన్‌వియె పేట మొత్తం అంతకుముందు తరంలో సముద్రాన్ని పూడ్చి తీసిన నేలే.

అమ్మ బెంచీ కింద నేలను చూస్తూ, "దీని కింద ఊరేమన్న ఉండెనా?" అని అడిగింది.

"సముద్రం కింద ఊరేముంటుంది అమ్మమ్మా? గడ్డి ఉండేది. పొసిడోనియా అని, చేపలు గుడ్లు పెట్టుకునే గడ్డి. దాన్ని పాడుచేయకూడదని మట్టితో సహా పెళ్లగించి, పక్కన రక్షిత ప్రాంతంలో నాటారు. పెద్ద పెద్ద ఆల్చిప్పలుంటే వాటినీ ఒక్కొక్కటిగా జరిపారు."

అమ్మ కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వైపు తిరిగి, "గడ్డిని గూడ లెక్కవెట్టి జరిపిన్రా?" అంది.

నాకు మా ఊరి చివరి రోజులు గుర్తొచ్చాయి. మనుషులు ఇళ్లు పీక్కుంటున్నారు. దూలాలు, దర్వాజలు, కిటికీలు ఎడ్లబండ్ల మీద. అమ్మ కడపను ఊడదీయించి, పసుపు తుడవకుండానే గోనెపట్టాలో చుట్టించి బండెక్కించింది. ఇప్పటికీ మా తమ్ముడి ఇంటికి అదే కడప. మన దగ్గర కూడా లెక్కపెట్టి జరిపినవి లేకపోలేదు. గుళ్లను జరిపారు. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. మంచాలకట్టలోని మాధవస్వామి గుడిని కొల్లాపూర్‌కు తెచ్చారు. వెళ్లి చూడండి, ఏ రాయికి ఆ రాయి, ఆ శిల్పాలు చూస్తే కళ్లు తిరుగుతాయి. చేసినవాళ్లకు దండం పెట్టాలి. మనుషుల సంగతికొస్తే, ముంపు కుటుంబాలకు ఉద్యోగాలంటూ 1986లో జీవో 98 వచ్చింది. కొల్లాపూర్ వైపు ఏ హోటల్లోనైనా కూర్చుని "తొంభై ఎనిమిది" అనండి చాలు, మీ టీ చల్లారిపోతుంది.

అయిదున్నర లోపల ఓడెక్కాలి. ఇది గుర్తుపెట్టుకోండి, ఓడ ఎవరి కోసమూ ఆగదు. ఆలస్యమైతే తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరు పోవాల్సిందే. తిరిగి వస్తుంటే రైల్వే స్టేషన్ వైపు జనం కదులుతున్నారు. హోటల్ యూనిఫాం మీద కోటు వేసుకున్న ఆడవాళ్లు, కాంక్రీటు దుమ్ము బూట్లతో మగవాళ్లు. ఈ దేశంలో ఉండే జనం 39 వేలు దాటరు. పొద్దున ఫ్రాన్స్ నుంచి, ఇటలీ నుంచి పనికొచ్చి, సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు యాభై వేల దాకా. ఇక్కడ ఇల్లు తీసుకోవడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు. అమ్మ వాళ్లను చూస్తూ, "వీళ్లు గూడ మన లెక్కనే" అంది. ఆ రోజు మొనాకోలో ఆమె అంత దగ్గరగా చూసిన మనుషులు వాళ్లే.

రాత్రి ఓడ కదిలాక డెక్ మీద నిలబడ్డాం. మొనాకో దీపాలు నీళ్లలో తళతళలాడుతున్నాయి. అబద్ధమెందుకు, చాలా అందంగా ఉంది. అమ్మ ఉన్నట్టుండి, "సోమశిల కాడ లాంచీ ఉన్నదంట గదా, శ్రీశైలం దాకా పోతదంట. ఎంత అడుగుతరు?" అంది.

నేను ఆశ్చర్యపోయాను. సోమశిల నుంచి శ్రీశైలం లాంచీ మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు రమ్మన్నా ఆవిడ రాలేదు. కొల్లాపూర్ పెళ్లిళ్లకు వస్తుంది, మాధవస్వామికి మొక్కుతుంది, పుట్ల కొద్దీ మామిడికాయలు మోసుకొస్తుంది. కృష్ణ ఒడ్డుకు మాత్రం రాదు. "నా ఇంటి మీదికెల్లి పడవల పోవాల్నా?" అనేది.

దీపావళి పోయాక వెళ్లాం. మీరూ వెళ్లొచ్చు. నీటిమట్టం బాగున్నప్పుడే నడుస్తుంది కాబట్టి ముందే కనుక్కోండి. దాదాపు రోజంతా ప్రయాణం. రెండు వైపులా నల్లమల, దారిలో మలుపు తిరిగినప్పుడల్లా కొండ రంగు మారుతుంది. మధ్యధరా సముద్రం చూసొచ్చిన కళ్లతో చెబుతున్నా, దీనికేం తక్కువ లేదు. పదకొండు అంతస్తులూ స్విమ్మింగ్ పూలూ లేవు, అంతే. ఎండాకాలం నీళ్లు తగ్గితే అవతలి వైపు సంగమేశ్వరం గుడి శిఖరం తేలుతుంది. మేం వెళ్లినప్పుడు నిండు నీళ్లు.

లాంచీలో ఒక కుర్రాళ్ల గుంపు స్పీకర్లో పాటలు పెట్టుకుని ఎగురుతోంది. అమ్మ ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుని ఒడ్డునే చూస్తోంది. ఒక గుట్ట దాటగానే లేచి, కడ్డీలు పట్టుకుంటూ లాంచీ నడిపే అతని దగ్గరికి పోయింది.

"నాయినా, ఇంజను జర మెల్లగ పోనియ్యి."

"ఎందుకవ్వా? కడుపుల తిప్పుతున్నదా?"

"లేదు కొడుకా. కింద మా ఇల్లున్నది."

అతను ఆవిడ ముఖం చూశాడు, నీళ్ల వైపు చూశాడు. పాట ఆగలేదు గానీ, ఇంజను చప్పుడు మాత్రం తగ్గింది.