అది ముందే ఉంది సార్

గాజువాక ఆటోనగర్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా సుత్తి దెబ్బలూ గ్రైండర్ రొదా ఆగవు. అంత రొదలోనూ స్పష్టంగా వినపడే మాట ఒకటుంది: "అది ముందే ఉంది సార్." సర్వీసింగ్‌కిచ్చిన కారు తెచ్చుకోడానికి వెళ్తే డోరు మీద జానెడు గీత కనపడుతుంది. బైకు ట్యాంకుకి సొట్ట తేలుతుంది. నిన్నటిదాకా లేని ఆయిల్ లీకు ఇవాళ మొదలవుతుంది. "ఇదేటిది?" అని మనం వేలు చాపేలోపే మేస్త్రి ఆ మాట అనేస్తాడు. షోరూమ్‌లో అయితే టై కట్టుకున్న అబ్బాయి అదే మాట ఇంగ్లీషులో, కాస్త నవ్వుతూ అంటాడు.

ఆ మాట ప్రతిసారీ అబద్ధమేం కాదు. రోజూ ఎక్కి తిరిగే బండిని మనం సరిగా చూడం. చూద్దామన్నా కనపడనివ్వని మసి ఒకటి ఉంది మన ఊళ్ళో. ఒక పక్క స్టీల్‌ప్లాంటు, ఇంకో పక్క గంగవరం పోర్టులో దిగే బొగ్గు, నడిమధ్య నుంచి లారీల హైవే. తెల్ల కారు కొన్నవాడు దాన్ని తెల్లగా చూసుకునేది మొదటి నెలే. షెడ్డువాడు షాంపూ కొట్టి కడిగిన రోజున దాని ఒంటి మీద గీతలన్నీ బయటపడతాయి. కడిగిన పుణ్యానికి పాపం వాడి నెత్తిన గీసిన నింద పడుతుంది.

అలాగని పాత గీతకూ కొత్త గీతకూ తేడా తెలియకుండా పోదు. పాతదాంట్లో మట్టి పేరుకుని నల్లగా ఉంటుంది, గోరు పెట్టి లాగితే అంచులు మెత్తగా తగులుతాయి. కొత్తదాని అంచున రంగు పొడిపొడిగా రాలుతుంది. రేకు దాకా దిగిందంటే లోపల మెరుస్తుంది. ఆ మెరుపు గాజువాకలో ఎక్కువ రోజులు నిలవదు. పాత మోడల్ బండి రేకైతే ఉప్పుగాలికి చూస్తుండగానే ఎర్రబారుతుంది. బండి ఇంటికి తీసుకెళ్ళి, ఆదివారం తీరిగ్గా చూసుకుని, ఆ పై వారం గొడవకొచ్చేసరికి సాక్ష్యం తుప్పు పట్టి ఉంటుంది. అంచేత ఇక్కడ గొడవ పడదలుచుకుంటే షెడ్డు గడప దాటకముందే పడాలి.

తుప్పుతోనే ఇంకో తగువు ఉంది. కారు కింద జాకీ పెట్టే అంచు లోపల్నుంచి తినేసి ఉంటుంది. పైకి రంగు నిగనిగలాడుతుంటుంది. జాకీ ఎత్తగానే అప్పడంలా విరుగుతుంది. తుప్పు యజమానిది, జాకీ మేస్త్రిది. మరి విరగడం ఎవరిది? ఈ ప్రశ్నకి ఒప్పుదలైన జవాబు నేనింతవరకు ఏ షెడ్డులోనూ వినలేదు.

మేస్త్రులకు ఈ ఊళ్ళో ఒక చిక్కుంది. వచ్చే కస్టమర్లలో ఇనుము సంగతి తెలిసినవాళ్ళు ఎక్కువ. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం జనం రోడ్డెక్కారు, 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు, 1992లో ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. ఆ చరిత్రంతా ఇప్పుడు రిటైరై కూర్మన్నపాలెం, వడ్లపూడి అపార్ట్‌మెంట్లలో కూర్చుని ఉంది. దాని చేతిలో ఒక కారు, బోలెడంత తీరిక.

మా వీధిలో అలాంటి పెద్దాయన ఒకరున్నారు. ప్లాంటు లాబొరేటరీలో చేసి రిటైరయ్యారు. కారుకి టైర్లు మార్పించిన కొన్నాళ్ళకి శీలానగర్ దగ్గర చక్రం ఊగడం మొదలైంది. దిగి చూస్తే ఒక బోల్టు తెగిపోయి ఉంది, రెండు నట్లు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. ఆ బోల్టు ముక్క జేబురుమాల్లో చుట్టుకుని, తోడుగా నన్నేసుకుని, టైర్లు వేసిన షెడ్డుకి బయల్దేరారు.

"అది ముందే పగిలి ఉంది సార్. పాత బోల్టులు" అన్నాడు మేస్త్రి.

పెద్దాయన భూతద్దం తీశారు. తెగిన ముఖంలో ముప్పాతిక భాగం నున్నగా ఉంది. ఒక అంచు దగ్గర మొదలై, ఒకదాని వెనక ఒకటిగా సన్నటి వంపు గీతలు లోపలికి జరుగుతూ వచ్చాయి. మిగిలిన పాతిక మాత్రం గరుగ్గా, పలుకులు పలుకులుగా ఉంది.

"చూడు నాయనా. ఒక్క దెబ్బకి తెగితే ముఖమంతా ఇలా పలుకుగానే ఉంటుంది. ఇది కొంచెం కొంచెం తెగుతూ వచ్చి, ఆఖర్న మిగిలిన కాస్తా ఒక్కసారి పోయింది. మేం దీన్ని ఫెటీగ్ అంటాం."

"అదే కద సార్ నేనన్నాను? ముందునుంచీ తెగుతున్నాది."

"ముందంటే ఎప్పట్నుంచి? నట్టు బిగువుగా ఉంటే బోల్టు మీద ఊగుడు భారం ఇంత పడదు. నువ్వు వదులుగా వదిలావు, ఆ రోజు నుంచి తెగడం మొదలెట్టింది."

"ఎయిర్ గన్‌తో బిగిస్తాం సార్ మేము. ఎక్కువ బిగించేశామని తిట్టండి, పడతాను. వదులంటే మాత్రం ఒప్పుకోను."

నాకు ముచ్చటేసింది. ఒకే బోల్టును ఇద్దరూ చదివారు, ఇద్దరిదీ సరిగానే ఉంది. ఎలా తెగిందో ఆ ముఖం చెప్పింది కానీ ఎవరి చేతిలో మొదలైందో చెప్పలేదు. మేస్త్రి ఎయిర్ గన్ గురించి అన్నదాంట్లోనూ నిజముంది. చిన్న కారు నట్టుకి సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. గన్‌కి ఆ లెక్క తెలియదు. లారీ చక్రానికి కొట్టిన చేత్తోనే కారు చక్రానికీ కొడుతుంది.

చివరికి తేల్చింది భూతద్దం కాదు, పానా. మేస్త్రే స్వయంగా కూర్చుని మిగతా మూడు చక్రాలకీ పానా వేసి చూశాడు. అన్నీ రాయిలా ఉన్నాయి. లేచి చేతులు తుడుచుకుని, "నాలుగోది గుంటడు బిగించినట్టున్నాడు" అన్నాడు.

పక్క లేత్ షాపాయన అప్పటికే వచ్చి నిలబడ్డాడు. ఆటోనగర్‌లో ఏ షెడ్డులో గొంతు లేచినా పక్క షెడ్డు నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు. ఆయన తీర్పు మనం వెళ్ళకముందే సిద్ధంగా ఉంటుంది: సామాను ఒకరిది, కూలి ఇంకొకరిది. "బోల్టులు, నట్లు మేస్త్రి వేస్తాడు. బిగించిన కూలి సార్ ఇస్తారు. అయిపోనాది." ఈ సగం సగం తీర్పు నాకు నచ్చదు. పూర్తిగా న్యాయం ఉన్నవాడు సగం పోగొట్టుకుంటాడు, పూర్తిగా తప్పు చేసినవాడు సగం మిగుల్చుకుంటాడు. కానీ అరగంటలో అయిపోతుంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదును మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2019 చట్టంలో రాసి ఉంది. వాయిదాలు చట్టాలు చదవవు.

నిజానికి ఈ తగువు ఆటోనగర్‌తో పుట్టింది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో చాకలివారి సంగతి చూడండి. బట్టలు చెక్క పలక మీదో నున్నటి రాతి మీదో ఉతకాలి. వేరేచోట ఉతికి పాడుచేస్తే నష్టం కట్టి, పైన ఆరు పణాల జరిమానా ఇచ్చుకోవాలి. ఇంకా ముచ్చటైనది తరుగు లెక్క. మొదటి ఉతుకుకి బట్ట విలువలో నాలుగో వంతు తగ్గుతుంది, రెండోదానికి ఐదో వంతు. ఇవాళ ఇన్సూరెన్స్ సర్వేయర్ ప్లాస్టిక్ బంపరుకి సగం తరుగు తీసి, అద్దానికి ఏమీ తీయకపోవడం అచ్చం ఆ వరసే. ఇచ్చిన బట్టలు చాకలి తానే కట్టుకు తిరిగితే మూడు పణాలు. ట్రయల్ వేసొస్తానని మన బండి తీసుకుని, కొత్త గాజువాకలో టీ తాగి, పనిలో పనిగా పిల్లను స్కూల్లో దింపి వచ్చే మేస్త్రికి ఆ మూడు పణాలూ ఎవరు వేస్తారు? ఆ ట్రయల్లో ఎవరినైనా గుద్దితే సంగతి ఇంకా పెద్దది. గోవా నుంచి వెళ్ళిన అలాంటి కేసులో, రిపేరుకిచ్చిన బండిని షెడ్డు పనివాడు నడుపుతూ ప్రమాదం చేసినా, దెబ్బ తిన్న మనిషికి బండి ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం కట్టాల్సిందేనని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది.

మనకిప్పుడు నడుస్తున్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. బండి ఇచ్చి తాళం చేతిలో పెట్టామంటే, ఒక మామూలు బుద్ధిమంతుడు తన సొంత బండైతే ఎంత జాగ్రత్త పడతాడో అంతా అవతలివాడు పడాలని 151వ సెక్షన్. అంత జాగ్రత్తా పడ్డాక కూడా నష్టం వస్తే వాడి బాధ్యత లేదని 152. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న మన మీదే తీరం దాటింది. అలాంటి గాలికి షెడ్డు రేకు లేచి లోపలున్న కారు మీద పడిందనుకోండి, మేస్త్రిని పట్టుకుని ఏం లాభం? యాజ్ఞవల్క్యుడు కూడా దాచుకోమని ఇచ్చిన సొమ్ము రాజు వల్లో, దైవం వల్లో, దొంగ వల్లో పోతే దాచినవాడు కట్టక్కర్లేదన్నాడు.

దొంగ దగ్గర మాత్రం మన సుప్రీంకోర్టు యాజ్ఞవల్క్యుడంత ఉదారంగా లేదు. 1998లో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్‌కొచ్చిన ఒకాయన పార్కింగ్‌కని మారుతి జెన్ తాళం ఇచ్చి లోపలికెళ్ళాడు. అర్ధరాత్రి దాటి బయటికొచ్చేసరికి కారు ఇంకెవరో తోలుకుపోయారు. చేతిలో పెట్టిన చీటీ మీద బాధ్యత యజమానిదేనని అచ్చు వేసి ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు చెల్లించి, ఆ తర్వాత హోటల్ మీద పడింది. 2019 నవంబర్‌లో తీర్పు వచ్చింది. బండి అప్పగించారని తేలాక, ఏం జాగ్రత్త తీసుకున్నారో చెప్పుకోవాల్సింది హోటలేనని, సొంత నిర్లక్ష్యాన్ని చీటీ చాటున దాచుకోవడం కుదరదని. మన షెడ్ల గోడల మీద 'ఓనర్స్ రిస్క్' అని ఎర్ర అక్షరాలతో రాసుకున్న బోర్డులకు ఆ తర్వాత పెద్దగా బలం లేదు. ఎవరూ తీసెయ్యలేదు గానీ.

అయితే ఇచ్చినప్పుడు బండి బాగానే ఉందని ముందు మనం చూపించుకోవాలి. షోరూమ్ జాబ్ కార్డులో కారు బొమ్మ ఒకటుంటుంది, దాని మీద పాత గీతలకి గుర్తులు పెడతారు. మనం బొమ్మ చూడకుండానే కింద సంతకం చేస్తాం. షెడ్డులో కార్డు లేదు. అక్కడ ఫోనే కార్డు. తెలివైన మేస్త్రి మనకంటే ముందే బండి చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుంటున్నాడు. అలా తీసుకునేవాడి దగ్గరికే వెళ్ళమని నా సలహా. వాడు మనల్ని అనుమానిస్తున్నాడంటే తనని తానూ కనిపెట్టుకుని ఉంటాడు.

గొడవ తేలకుండా బిల్లు ఎగ్గొడదామంటే కుదరదు. చేసిన పనికి కూలి ముట్టేదాకా బండిని పట్టి ఉంచుకునే హక్కు మేస్త్రికి 170వ సెక్షనే ఇచ్చింది. బిల్లు మీద అభ్యంతరం రాసి డబ్బు కట్టి, బండి బయటికి తెచ్చుకోవడం మేలు. ఆ పైన రెండేళ్ళ లోపు విశాఖ జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఇక్కడ లారీలవాళ్ళకి ఒక మెలిక ఉంది. ఒక్క లారీ కొనుక్కుని తానే తోలుకుంటూ స్టీలు లోడ్లు వేసుకునేవాడు బతుకుతెరువు కింద వినియోగదారుడే. డ్రైవర్లను పెట్టి లారీలు తిప్పే యజమాని వ్యాపారి కిందికి వస్తాడు గనక, ఆయన దారి సివిల్ కోర్టు. ఒకే షెడ్డు, ఒకే తప్పు, రెండు కోర్టులు.

పెద్దాయన మాత్రం ఏ కోర్టుకీ వెళ్ళలేదు. ఒప్పందం అయ్యాక కూడా కుర్చీలోంచి లేవకుండా, "బోల్టుల డబ్బు ఎక్కడ్నుంచి తీస్తావు?" అని అడిగారు.

"గుంటడి లెక్కలో కోస్తాను సార్, ఎక్కడ్నుంచి తెస్తాను?"

"వాడినడిగావా?"

"వాడినేటడుగుతాం సార్?"

పెద్దాయన ప్లాంటులో ఉన్నప్పుడు యూనియన్‌లో తిరిగినవారు. నష్టం కింద జీతంలో కోసేముందు ఆ మనిషిని సంజాయిషీ చెప్పుకోనివ్వాలని 1936లో వచ్చిన వేతనాల చెల్లింపు చట్టం నుంచీ ఉందని చెప్పారు. మేస్త్రికి చట్టం ఎక్కలేదు, ఆయన గొంతు ఎక్కింది. కేకేశాడు. డిగ్రీ మధ్యలో మానేసి పనిలో చేరిన కుర్రాడు, లారీ కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు.

"ఆ రోజు మూడు చక్రాలయ్యాక గన్ లారీ దగ్గరికి పట్టుకుపోయారు కదండీ. నాలుగోది చేతి పానాతో బిగించాను. ఒకసారి మీరు చూడండని చెప్పాను. బండాయన తొందర పెడుతున్నాడు, దించేయమన్నారు."

పెద్దాయన నా వైపు చూశారు. తొందర పెట్టిన బండాయన ఎవరో ఆయనకు గుర్తొచ్చినట్టుంది. లేత్ షాపాయన మీసం దువ్వుకుని, "అయితే తీర్పు మారింది. గుంటడి లెక్కలో పైసా కొయ్యక్కర్లేదు. సామాను మేస్త్రిది, కూలి సార్‌ది, అది అలాగే ఉంచండి. టీలు మాత్రం ఇద్దరిలో ఎవరో చెప్పండి, నాకు పనుంది" అన్నాడు.