మా తాతకు కేటీ ఎవరు తీసుకుంటారు?

ఆఫీసులో ఒకడు రాజీనామా చేస్తే నెల రోజులు కేటీ సెషన్లు పెట్టేస్తాం. వాడి బుర్రలో ఉన్నదంతా వికీలోకి ఎక్కేదాకా వదలం. మా తాతకు 84 ఏళ్ళు. ఆయన దగ్గర కేటీ తీసుకున్నవాడు ఒక్కడూ లేడు, నాతో సహా!

మాది కల్యాణదుర్గం వైపు పల్లె. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు, తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీకి చెరువు సంగతులు చేరుద్దామని తాతను కదిలించా. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందాప్పా చెరువు?" అంటూ ఎప్పుడెప్పుడు మరువ పారిందీ, ఏ ఏడు కట్ట తెగిందీ, ఏ బావి ముందు ఎండిందీ గంటసేపు చెప్పాడు. తీరా రాయబోతే చిక్కొచ్చి పడింది. వికీపీడియాలో ఏం రాసినా అచ్చయిన మూలం చూపాలి. "మా తాత చెప్పాడు" అంటే కుదరదు. ఆ నియమం సబబే, లేకపోతే ఎవడి నోటికొచ్చింది వాడు రాస్తాడు. కానీ అచ్చులోకి ఎక్కని ఊరి గతి ఏంటి?

అప్పుడు తట్టింది. వికీ అంటే వికీపీడియా ఒక్కటే కాదు కదా! 1995లో వార్డ్ కన్నింగ్‌హాం మొదటి వికీ పెట్టింది ప్రోగ్రామర్లు తమ అనుభవాలు పంచుకోవడానికే. వికీపీడియాను నడిపే మీడియావికీ ఉచితమే. పాత లాప్‌టాప్‌లో దాన్ని వేసి ఊరి హైస్కూల్లో పెట్టా. నెట్ అక్కర్లేదు, ల్యాబ్‌లో ల్యాన్ చాలు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకటే పని: ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చెరువు గురించి రాయడం. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కూడా రాయాలి.

వారంలోనే గొడవ! కట్ట తెగిన ఏడు మా తాత ఒకటి చెబితే, ఒకమ్మాయి వాళ్ళవ్వ ఇంకోటి చెప్పింది. ఎవడో ఆ అమ్మాయి రాసింది చెరిపేశాడు. పేజీ చరిత్రలో దొరికిపోయాడనుకోండి :) సారు దాన్ని వెనక్కి తెచ్చి, ఇద్దరి మాటా ఉంచి, చర్చ పేజీలో తేల్చుకోమన్నారు. గ్రంథాలయంలో పాత పేపర్లు వెతకాలనీ, 1905 నాటి ఫ్రాన్సిస్ గెజిటీర్‌లో మా వైపు చెరువుల గురించి ఏముందో చూడాలనీ పిల్లలే జాబితా రాసుకున్నారు. అంతకుముందు ప్రాజెక్టు వర్క్ అంటే నెట్ సెంటర్లో ప్రింటౌట్ తీయించి అతికించడమే.

అనంతసాగరం చెరువు వల్లే అనంతపురానికి ఆ పేరొచ్చిందంటారు. అలాంటి చోట మా ఊరి పిల్లలకి చెరువంటే కంపచెట్లు మొలిచిన బయలు.

ఈసారి పండక్కి ఊరెళ్తూ, మూలన పడేసిన లాప్‌టాప్ ఒకటి పట్టుకెళ్ళండి. ఉద్యోగం మానేసేవాడికి నోటీసు పీరియడ్ ఉంటుంది. తాతలకూ అవ్వలకూ అదేం ఉండదు.